పద్నాలుగో గది కిటికీ తెరలు

మా అమ్మమ్మ కుట్టు కనపడదు. ఇది నా మాట కాదు, ఆవిడ మాటే. రోజుకి పదిసార్లు చెబుతుంది, వినేవాళ్ళు లేకపోతే కుట్టుమిషనుకి చెబుతుంది. అంచు మడిచి, లోపలివైపునుంచి ఒక్కొక్క పోగునే పట్టుకుంటూ కుట్టుకుపోతే బయటికి ఏమీ తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా వీధి చివర ఒంటి షట్టరు కొట్లో కూర్చుని, ఊళ్ళో సగం మంది పంట్లాముల అంచులు అలా మడిచిపారేసింది. తొమ్మిదో తరగతిలో లెక్కలకీ నాకూ పొసగక బడి మానేసిన దగ్గర్నుంచి ఆ కొట్లో హుక్కులు కుట్టేది నేనే. నా కుట్టు మాత్రం వీధి మొదటినుంచే కనపడుతుందని ఆవిడ నిశ్చితాభిప్రాయం.

ఆ కుట్టుతో ఆవిడకి ఇంకో పని కూడా ఉంది. వస్తువులు దాచడం. బీరువాలంటే నమ్మకం లేదు. తాళం ఉన్న చోటే దొంగ మొదట చూస్తాడట. అందుకని మా ఇంటి పత్రాలు చాలాకాలం ఒక బొంత అంచులో పడుకున్నాయి. మా అమ్మ చెవిదుద్దులు ఒకసారి కుక్కర్ మీద కప్పే గుడ్డలో దొరికాయి. మా ఇంట్లో ఏదైనా కనపడకపోతే ఎవరూ వెతకరు, తడుముతారు.

మామయ్యకి ఇవేవీ నచ్చవు. మామయ్య అంటే అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు, ఆసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తా. ఇంట్లోకి ఉప్పు తేవాలన్నా చీటీ మీద "ఒకటి" అని అంకె వేసి మరీ రాసుకుంటాడు. పోయిన వానాకాలంలో అమ్మమ్మ మిషను సూది వేలికి గుచ్చుకున్నప్పటినుంచి ఆయన చీటీలో ఒక కొత్త పద్దు చేరింది: కొట్టు మూయించడం. సెల్‌ఫోన్లకి తొడుగులు అమ్మే ఒకాయన్ని అప్పుడే చూసిపెట్టాడు కూడా.

"నీకు కళ్ళు కనపడట్లేదమ్మా. ఒప్పుకో."

"నీ చొక్కా రెండో గుండీ ఊడిపోతోంది. అది కనపడుతోంది."

"డాక్టరు ఏమన్నాడు? ఒక కన్ను ఆపరేషన్ అయింది, రెండోది..."

"ఒక కంటితో చూస్తేనే సూదిలో దారం బాగా ఎక్కేది. ఆ డాక్టరు ఎప్పుడైనా సూదిలోకి దారం ఎక్కించాడా?"

మామయ్య గుండీ తడుముకున్నాడు. నిజంగానే ఊడిపోతోంది.

ఇలా సాగుతుండగా దీవి వచ్చిపడింది. మా కొట్టు గోడమీద ఒక క్యాలెండరు ఉంది. ఆ ఏడాది అయిపోయి పదకొండేళ్ళయినా తీయనివ్వలేదు, దానిమీద నీలం సముద్రం, తెల్ల ఇసుక, ముందుకు వంగిన మూడు కొబ్బరిచెట్లు ఉన్నాయని. సరిహద్దు దాటి గంటన్నర పడవలో పోతే ఆ దీవేనట. అమ్మమ్మకి ముగ్గురు స్నేహితురాళ్ళు. రిటైరయిన నర్సు ఒకావిడ, పలకరించేముందు నాడి పట్టుకుంటుంది. బస్సు కండక్టరుగా చేసి మానేసినావిడ ఇంకొకరు, ఈల ఇంకా మెళ్ళోనే ఉంటుంది. మూడో ఆవిడ టైపు టీచరు, ఇప్పుడు ఊళ్ళో టైపు నేర్చుకునేవాళ్ళే లేరు గనక మిగతా ముగ్గురి తప్పులు దిద్దుతూ కాలక్షేపం చేస్తోంది. ఈ నలుగురూ పన్నెండేళ్ళుగా సాయంత్రాలు మా కొట్లో కూర్చుని ఆ క్యాలెండరు చూస్తూ "ఒకసారి పోవాలే" అనుకుంటున్నారు. మామయ్య కొట్టు మూయిస్తానన్న వారానికి పాస్‌పోర్టులు చేయించుకున్నారు. కొట్టు పోతే క్యాలెండరు ఎక్కడ తగిలించుకుంటాం అని కాబోలు.

మామయ్యకి మంచి అవకాశం దొరికింది.

"సరే, వెళ్ళు. మూడు రోజులు. ఆదివారం పదకొండింటి పడవకి నలుగురూ, నాలుగు పాస్‌పోర్టులూ, సామానూ అంతా ఇక్కడ దిగాలి. ఒక్క వస్తువు పోయినా, 'ఒరేయ్, వచ్చి తీసుకెళ్ళరా' అని ఒక్క ఫోను వచ్చినా కొట్టు మూసేస్తున్నాం."

"అన్నీ సరిగ్గా వస్తే?"

"నా నోటమ్మట కొట్టు మాట రాదు."

"రాసివ్వు."

రాసిచ్చాడు. మామయ్యకి రాయడమంటే ఎంత ఇష్టమో చెప్పానుగా.

శుక్రవారం తెల్లారి వాళ్ళు పడవెక్కారు. ఇక్కణ్ణుంచి నేను చెప్పేది ఆ నలుగురూ తర్వాత నెల్లాళ్ళు కొట్లో కూర్చుని చెప్పినదే. నలుగురూ ఒకేసారి మాట్లాడతారు కాబట్టి ఎక్కడైనా ఒక మాట అటూ ఇటూ అయితే నా తప్పు కాదు.

మొదటి దెబ్బ రేవులోనే తగిలింది. తనిఖీ అధికారి అమ్మమ్మ సంచిలోంచి కత్తెర బయటికి తీశాడు. ఇరవై రెండేళ్ళ కత్తెర, పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది.

"ఇదేంటి పెద్దమ్మా?"

"కత్తెర నాయనా. మీ ఊళ్ళో ఉండవా?"

"ఇది పడవలోకి తీసుకెళ్ళకూడదు. ఆయుధం కింద లెక్క."

"గుడ్డ ముక్కలకి భయం గానీ మనుషులకేం భయం!"

అతను నవ్వలేదు. ఆ ఉద్యోగానికి నవ్వనివాళ్ళనే ఏరి తీసుకుంటారేమో. కత్తెర ఉంచుకుని, తిరిగొచ్చాక ఇస్తామని ఒక చీటీ ఇచ్చాడు. రవిక అంచుకి గుచ్చి ఉన్న సూదినీ, దానికి చుట్టి ఉన్న దారాన్నీ మాత్రం చూడలేదు. అమ్మమ్మ ఒంటిమీద సూది లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిణ్ణి కావలించుకోవాలంటే కాస్త ఆలోచించుకోవాలి.

పడవలో టైపు టీచరు సరిహద్దు ఎక్కడుందో చూడాలని కళ్ళు చికిలించుకుని కూర్చుంది. చివరికి పడవ నడిపే ఆయన్ని అడిగితే, "ఇందాకే దాటామండీ, మీ ఫోనులో గీతలు పోయాయి చూడండి" అన్నాడట. ఇంత హడావుడి, ఇన్ని ముద్రలు, ఇన్ని ఫొటోలు దేనికోసమంటే ఫోనులో గీతలు పోవడం కోసమన్నమాట.

దీవి బాగానే ఉంది. అమ్మమ్మ దిగగానే చెట్లు లెక్కపెట్టింది. వంగిన కొబ్బరిచెట్లు రెండే ఉన్నాయి. హోటలు మేనేజరు దగ్గరికి పోయి, "మూడోది ఏది?" అని అడిగింది. అతను ఎన్నాళ్ళో ఆ ప్రశ్నకోసం ఎదురు చూస్తున్నవాడిలా, "గాలివానకి పడిపోయిందమ్మా, క్షమించండి" అన్నాడు. సరిహద్దుకి అవతలా మన మాటే. కాస్త సాగదీస్తారంతే. అందుకని అమ్మమ్మ ఏమన్నా వాళ్ళకి అర్థమైపోయేది, అదే చిక్కు.

సముద్రస్నానం కూడా చేశారు. చేశారంటే మోకాళ్ళదాకా దిగి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. అల వచ్చినప్పుడల్లా కండక్టరు ఈల వేసి, "నలుగురూ ఉన్నారా?" అని లెక్క చూసుకుంది. అమ్మమ్మ సముద్రాన్ని చూడలేదు, స్నానాలు చేసేవాళ్ళ దుస్తులు చూసింది.

"అంత చారెడు గుడ్డకి అంత వంకర కుట్టా! గుడ్డ తక్కువైనప్పుడు కుట్టైనా తిన్నగా ఉండొద్దూ?"

"మెల్లిగానే, వింటారు" అంది నర్సు.

"విననీ. బాగుపడతారు."

పద్నాలుగో గది ఇచ్చారు. నాలుగు మంచాలు, ఒక కిటికీ, దానికి రెండు నీలం తెరలు. గోడలో ఒక ఇనప పెట్టె కూడా ఉంది, అంకెలు నొక్కితే మూసుకునేది. పాస్‌పోర్టులు అందులో పెట్టమన్నాడు మేనేజరు. ఏ అంకెలు పెట్టాలన్న దానిమీద నలుగురూ గంటసేపు పోట్లాడుకున్నారు. నర్సు పెట్టిన అంకె టైపు టీచరుకి నచ్చలేదు, టైపు టీచరు పెట్టింది కండక్టరుకి గుర్తుండదు. అమ్మమ్మ విసిగిపోయింది.

"నాకివ్వండి. నేను దాస్తా."

"ఎక్కడ?" అంది నర్సు.

"మీ ముగ్గురికీ చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఆదివారం పొద్దున్న తీసిస్తా, చాలదా?"

ముగ్గురూ భోజనానికి వెళ్ళినప్పుడు తలనొప్పి అని చెప్పి గదిలో ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి హాయిగా పడుకుని ఉంది, రవికకున్న దారం మాత్రం సగమైపోయింది. అది చూసినవాళ్ళెవరూ లేరు.

ఆదివారం పొద్దున్న ఫలహారం చేసి, తొమ్మిదిన్నరకి గదికొచ్చారు. పదకొండింటికి పడవ. రోజుకి ఒకటే పడవ. తలుపు తీయగానే అమ్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"తెరలేవి?"

"అవేగా" అంది టైపు టీచరు. కిటికీకి పసుప్పచ్చ తెరలు కొత్తగా, ఇస్త్రీ మడతలతో వేలాడుతున్నాయి.

"నీలంవి ఏవి?"

"నెలకోసారి మారుస్తారటండీ. పాపం శుభ్రంగానే ఉంచుతున్నారు."

అమ్మమ్మ మంచంమీద కూలబడింది. నర్సు వెంటనే నాడి పట్టుకుంది.

"ఏమైందే? నాడి ఇలా కొట్టుకుంటోందేంటి?"

"ఎడమవైపు తెర... కింద అంచు..."

"అంచుకేమైంది?"

"అందులో కుట్టేశా."

"ఏం కుట్టావ్?"

అమ్మమ్మ ఖాళీ చేతులు చూపించింది. చెప్పక్కర్లేకపోయింది. కండక్టరు అప్పటికే నోట్లో ఈల పెట్టుకుంది. నలభై ఏళ్ళ స్నేహంలో మొదటిసారి ముగ్గురికీ ఒకేసారి మాట పడిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపని అడిగితే ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు.

"మేనేజరుతో చెబుదామా?" అంది టైపు టీచరు చివరికి.

"చెబితే వాడు ఇంటికి ఫోను చేస్తాడు. ఫోనొస్తే మావాడు కొట్టు మూసేస్తాడు. పదండి!"

బట్టలుతికే పాక హోటలు వెనకాల ఉంది. మూడు పెద్ద మిషన్లు, వాటిముందు నీలం కొండ. ముప్పై గదుల తెరలు, గదికి రెండు. ఒక మిషను అప్పటికే నిండుగా తిరుగుతోంది, అద్దంలోంచి నురగా నీలం కనపడుతున్నాయి. చాకిరీ అంతా చూసుకునే పెద్దాయన పీటమీద కూర్చుని ఉన్నాడు.

"పద్నాలుగో గది తెర కావాలి బాబూ" అంది అమ్మమ్మ.

"తెరలమీద గది నంబర్లు రాయమమ్మా. పోగు వేస్తాం, ఉతుకుతాం."

"ఆ తిరిగేది ఆపు."

"మధ్యలో ఆగదు. తలుపు లాక్ అయిపోద్ది. ఇంకో నలభై నిమిషాలు."

ఇంకేముంది. నలుగురూ ఆ కొండమీద పడ్డారు. కండక్టరుని మాత్రం, "నువ్వెళ్ళి పడవ ఆపు, ఎలా ఆపుతావో నీ ఇష్టం" అని రేవుకి తరిమారు. అమ్మమ్మ కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. తెర అంచు రెండు వేళ్ళమధ్య పెట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి జార్చుకుపోతోంది. జారుస్తూ ఒక్కొక్కదాన్నీ తిడుతోంది.

"ఇది కాదు. ఇది కుట్టినవాడు బండి మీద పోతూ కుట్టాడు. ఇదీ కాదు. ఛీ, దీనికి ముడే వేయలేదు."

"తిట్లు తర్వాత తిట్టుకోవే, ముందు వెతుకు" అంది నర్సు.

కొండ అయిపోయింది, ఆ తెర లేదు. నలుగురి కళ్ళూ, అంటే ఇప్పుడు ముగ్గురి కళ్ళూ, తిరిగే మిషనుమీదికి పోయాయి. అందులో నురగ. టైపు టీచరు మెల్లిగా, "తడిస్తే మన ఫొటోలు చెరిగిపోతాయాండీ?" అంది. అమ్మమ్మ అద్దానికి మొహం ఆనించింది. కొట్టు గోడ, క్యాలెండరు, తన మిషను ఉన్నచోట సెల్‌ఫోన్ తొడుగులు వేలాడడం, అవన్నీ ఆ అద్దంలో తిరుగుతూ కనపడ్డాయని తర్వాత నాతో అంది. ఆ ఒక్క ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఎవరినీ తిట్టలేదు.

పెద్దాయనకి జాలేసింది.

"ఇంతకీ ఆ తెరకి గుర్తేంటమ్మా?"

"అంచు కుట్టి ఉంటుంది."

"అన్నిటికీ అంచులు కుట్టే ఉన్నాయి కదా."

"ఇవా? వీటిని కుట్లంటారా? కుట్టంటే తిన్నగా ఉండాలి, ఉందో లేదో తెలియకుండా ఉండాలి..."

"ఓహో, ఆ తెరా!"

ఆయన లేచి, తలుపు వెనక మేకుకి తగిలించిన నీలం తెర తీసుకొచ్చాడు. "పొద్దున్నే పక్కన పెట్టా. ఇన్నేళ్ళుగా ఈ తెరలు ఉతుకుతున్నానమ్మా, తిన్నగా ఉన్న అంచు చూడ్డం ఇదే మొదలు. ఇది మా హోటలుది అయ్యుండదు, ఏ గొప్పింటివాళ్ళదో పొరపాటున కలిసిపోయిందనుకున్నా."

నర్సు ఆయనకి దణ్ణం పెట్టింది. టైపు టీచరు ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం తెర అందుకోలేదు. నడుంమీద చేతులు పెట్టుకుంది.

"నువ్వెలా కనిపెట్టావ్?"

"కనపడుతోంది కదమ్మా."

"కనపడదు. అది కనపడని కుట్టు!"

"పక్కన యాభై తొమ్మిది వంకరగా ఉంటే ఇదొక్కటీ తిన్నగా ఉందమ్మా. కనపడకుండా ఎలా ఉంటది?"

ఆ దెబ్బనుంచి ఆవిడ ఇప్పటికీ తేరుకోలేదు. పాస్‌పోర్టులు దొరికాయన్న సంతోషం ఏ మూలో ఉండే ఉంటుంది గానీ పైకి రాలేదు.

కత్తెర సరిహద్దు దగ్గర విశ్రాంతి తీసుకుంటోంది కాబట్టి కుట్టు విప్పడానికి సూదే గతి. పెద్దాయన కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చిచ్చాడు. "పాస్‌పోర్టులు నరుకుతావా?" అని అతణ్ణి కసిరింది, ఇప్పుడే అతని పుణ్యమా అని తెర దక్కించుకున్నావిడ. ఒక్కొక్క పోగూ సూదిమొనతో ఎత్తుతూ విప్పింది. ఆవిడ ముళ్ళు ఆవిడకే ఒక పట్టాన రావు. పదకొండుకి పది నిమిషాలుండగా నాలుగు పాస్‌పోర్టులూ పొడిగా, వెచ్చగా చేతిలోకొచ్చాయి.

"పదండి, పదండి" అంది నర్సు.

"ఉండు, అంచు విడిపోయి వేలాడుతోంది. ఇలా వదిలేసి పోతే ఏమనుకుంటారు?"

"ఎవరనుకుంటారే!"

"ఈయన అనుకుంటాడు."

పెద్దాయన, "నేనేమీ అనుకోనమ్మా, వెళ్ళండి" అని మొత్తుకుంటున్నా వినకుండా నాలుగు టాకాలు వేసి, దారం పంటితో తెంపి, అప్పుడు లేచింది.

రేవులో కండక్టరు ఒక కాలు పడవలోనూ ఒక కాలు చెక్కమీదా పెట్టి నిలబడి ఉంది. పడవ నడిపే ఆయన కదలబోయినప్పుడల్లా ఈల వేసి "హోల్డాన్!" అంటోంది. అతను అలవాటు లేకపోయినా ఆగుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపినవాళ్ళే ఆ గొంతుకి ఆగారు, ఇతనెంత. నలుగురూ ఎక్కాక, ముక్కులు లెక్కపెట్టుకుని "రైట్ రైట్" అంది. అంతర్జాతీయ ప్రయాణం మళ్ళీ మొదలైంది.

ఇక్కడ ఇంట్లో ఆ మూడు రోజులూ ఏం జరిగిందో కూడా చెప్పాలి. అమ్మమ్మ అటు పడవెక్కగానే మామయ్య సెల్‌ఫోన్ తొడుగులాయన్ని పిలిపించాడు, కొట్టు లోపల చూపిద్దామని. పందెం ఇంకా తేలకుండానే! కొట్టు తాళంచెవి లేదు. డబ్బాలు, అరలు, బొంతలు, నా హుక్కుల సీసా, అన్నీ వెతికాం. తాళాలు చేసే ఆయన్ని పిలిస్తే, "ఆవిడ చెప్పందే పగలగొట్టను, నా చొక్కాలు ఎవరు కుడతారు?" అని వెళ్ళిపోయాడు. తొడుగులాయన మూడు రోజులు వచ్చి షట్టరు బయటినుంచి చూసి వెళ్ళాడు. పైగా మామయ్యకి మెడ పట్టేసింది. మూడు రోజులూ తల ఒక పక్కకి వాల్చుకునే తిరిగాడు. ఆదివారం రేవుకి కూడా అలాగే వచ్చాడు, చేతిలో చీటీతో.

"మనుషులు నలుగురు." టిక్కు. "పాస్‌పోర్టులు నాలుగు." టిక్కు. "కత్తెర?" అమ్మమ్మ చూపించింది. టిక్కు. ఒక పాస్‌పోర్టు అట్టకి నీలం పోగు అంటుకుని ఉంది. మామయ్య మెడ అటు తిరగలేదు.

అంటే అమ్మమ్మ గెలిచింది. రాసిచ్చిన కాగితం ఉంది. హాయిగా స్నానం చేసి పడుకోవచ్చు. కానీ నలుగురూ మా ఇంటికి రాగానే మామయ్య, "కొట్టు తాళంచెవి ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు. ఆ మాట వినగానే ఆవిడ మొహం వెలిగింది. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎవరో బట్టలుతికే ఆయన అక్కడ ఆవిడ కుట్టు కనిపెట్టేశాడని నాకేం తెలుసు!

"వాడి దిండు తీసుకురా" అంది నాతో, మామయ్య గదివైపు చూపిస్తూ.

తెచ్చాను. ఒళ్ళో పెట్టుకుని కొడుకువైపు చూసింది.

"ఇందులో ఉంది. ఎక్కడ విప్పి ఎక్కడ కుట్టానో చూపించు. చూపిస్తే కొట్టు రేపే నీ తొడుగులాయనకి ఇచ్చేయ్."

"అక్కా, నీకేమైనా పిచ్చా? గెలిచావు కదా!" అని అరిచింది కండక్టరు.

నర్సు నాడి పట్టుకోబోయింది, అమ్మమ్మ విదిలించేసింది. ఆ కొట్టు పోతే ఆవిడ సంగతి సరే, నా సంగతేంటి? నేను ఎక్కడ హుక్కులు కుట్టను?

మామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. దిండుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు, టార్చి వేశాడు, నాలుగు వైపులా వేలితో రాశాడు. మెడ నొప్పితో మనిషి తిరగడు కాబట్టి దిండునే తన చుట్టూ తిప్పుకున్నాడు. పావుగంట పట్టింది. చివరికి ఒక పొట్టి అంచుమీద వేలు పెట్టాడు.

"ఇదే. ఇక్కడ దారం కాస్త మెరుస్తోంది."

"అది దిండు కొన్నప్పుడే ఉన్న కుట్టు నాయనా" అంది అమ్మమ్మ. కత్తెరమొనతో రెండోవైపు, ఏమీ లేనిచోట, ఒక పోగు ఎత్తింది. ఏమీ లేని అంచు జిప్పు తీసినట్టు తెరుచుకుంది. దూదిలోకి చెయ్యి పెట్టి, అరచేయంత పొడుగు షట్టరు తాళంచెవి బయటికి లాగింది. మామయ్య మూడు రాత్రులు తలకింద పెట్టుకున్నది.

మామయ్య తాళంచెవి చూశాడు, తన మెడ తడుముకున్నాడు, మళ్ళీ తాళంచెవి చూశాడు. జేబులోంచి చీటీ తీసి, "కొట్టు" అన్న మాటమీద అడ్డంగా గీత కొట్టాడు. గీత కాస్త వంకరగా వచ్చింది. అమ్మమ్మ చూసింది గానీ, నేను ఎరిగినంతలో మొదటిసారి, వంకర అనలేదు.

దీవి తెరల సంగతి మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ రాశానని కంగారు లేదు. మామయ్య చీటీలు తప్ప ఏమీ చదవడు.

మర్నాడు షట్టరు ఎత్తాం. తొమ్మిదింటికి ముగ్గురు స్నేహితురాళ్ళూ వచ్చి వాళ్ళవాళ్ళ స్టూళ్ళమీద కూర్చున్నారు. క్యాలెండరులో మూడో చెట్టుమీద అమ్మమ్మ సుద్దతో ఇంటూ కొట్టింది. కాసేపటికి మామయ్య ఆఫీసుకి పోతూ కొట్టు ముందు ఆగాడు. తల ఇంకా ఒక పక్కకే ఉంది. చంకలోంచి దిండు తీసి బల్లమీద పెట్టాడు, నోరు తెరిచిన అంచు పైకి ఉండేలా.

"ఇదిగో అమ్మా, కుట్టిపెట్టు" అన్నాడు. రెండడుగులు వేసి, మనిషి మొత్తం వెనక్కి తిరిగి, "ఈసారి కాస్త కనపడేలా కుట్టు" అన్నాడు.

అమ్మమ్మ దిండు నావైపు తోసింది. "నువ్వు కుట్టవే" అంది.